శెనక్కాయ పొట్టు తారు రోడ్డుకు పనికొస్తుందా?

పొట్టు_మిల్లు (ఉరవకొండ) · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఉరవకొండ దగ్గర నాకు శెనక్కాయలు కొట్టే మిల్లు ఉంది. వంద కిలోల కాయ కొడితే పాతిక ముప్పై కిలోలు పొట్టే. సీజన్‌లో షెడ్డు వెనక గుట్ట లేస్తుంది. గాలి తిరిగిందంటే పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల మీదంతా అదే. రోజూ ఏదో ఒక పంచాయితీ.

మొన్న ఒక వీడియో చూశా. పొట్టు కాల్చిన బూడిద, చెత్త ప్లాస్టిక్ తారులో కలిపి రోడ్డు వేస్తే రెండింతల కాలం నిలుస్తుందట. మన జిల్లాలో శెనక్కాయకూ కొదవ లేదు, రోడ్డు గుంతలకూ కొదవ లేదు. ఇది నిజమే అయితే పొట్టు ఎవరు కొంటారు, ఏ రేటుకు కొంటారు? తెలిసినవాళ్లు చెప్పండి. ఎగతాళి చేసేవాళ్లు కూడా చేయొచ్చు. పక్కింటావిడ మాటలు విని విని నాకు అలవాటైపోయింది.

తారు_డబ్బా (గుత్తి) · సోమవారం, రాత్రి 10:05

పొట్టు పొట్టుగా అయితే ఎవడూ కొనడు అబ్బీ. ఇరవై రెండేళ్లుగా తారు, కంకర వేడిగా కలిపే హాట్‌మిక్స్ ప్లాంట్లలో ఉన్నా, నా అనుభవం చెబుతున్నా.

రోడ్డు మీద నల్లగా కనపడేదంతా తారే అనుకుంటారు జనం. వంద కిలోల మిక్స్‌లో తారు ఐదు, ఐదున్నర కిలోలే. మిగతాదంతా కంకర, డస్ట్. అందులోనే పిండిలా మెత్తగా ఉండే పొడి కాస్త పడుతుంది. దాన్ని ఫిల్లర్ అంటాం. కంకర సందులు పూడ్చేది, తారును చిక్కబరిచేది అదే. వీడియోవాళ్లు చెప్పే బూడిద ఆ ఫిల్లర్ బదులు పోసేది. ప్రస్తుతం మేం పోసేది క్రషర్ డస్ట్, అవసరమైతే సున్నం. క్రషర్ డస్ట్ మాకు కంకరతో పాటే వచ్చి పడుతుంది. దాన్ని కాదని నీ బూడిద ఎవడైనా కొనాలంటే ఏదో ఒక లాభం కనపడాలి కదా.

ఇంకో మాట. మనం తారు అని పిలిచేది నిజానికి బిటుమెన్, పెట్రోలు తీశాక అడుగున మిగిలేది. అసలు తారు బొగ్గు నుంచి వస్తుంది. ఇంత వయసొచ్చాక నాకు పేరు మార్చే ఓపిక లేదు, తారు అనే రాస్తా.

నైట్_లారీ · సోమవారం, రాత్రి 11:30

బూడిద పోస్తారో, విభూది పోస్తారో పోయండి గానీ, తాడిపత్రి వైపు సిమెంటు లారీలు నిలబడే చోట ఏదన్నా చేయండి సామీ. ఎండాకాలం టైరు కింద రోడ్డు మైనంలా జరిగి పక్కన గట్టు కట్టుకుపోతుంది. ఒకసారి ఆ గాడిలో చక్రం పడితే స్టీరింగ్ మన మాట వినదు. బైకులోళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మార్షల్_అక్క (కర్నూలు) · మంగళవారం, ఉదయం 7:15

నమస్తే. కర్నూల్లో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో రోడ్డు మెటీరియల్స్ ల్యాబ్ చూస్తుంటాను. పేరు చూసి పోలీసు అనుకోవద్దు. అమెరికాలో మిసిసిపీ హైవే శాఖలో బ్రూస్ మార్షల్ అనే ఇంజినీరు ఉండేవాడు. తారు మిక్స్‌ను బిళ్లలా దట్టించి, 60 డిగ్రీల నీళ్లలో అరగంట నానబెట్టి, ఎంత బరువుకు విరుగుతుందో చూసే పరీక్ష ఆయనదే. రోజూ నా బతుకు ఆ బిళ్లలతోనే.

ముందు లారీ అన్నకు. మీరు చెప్పిన గాడిని మేం రట్టింగ్ అంటాం. మామూలుగా వాడే వీజీ-30 రకం తారు 47 డిగ్రీల దగ్గర మెత్తబడినా ప్రమాణాల ప్రకారం పాసైపోతుంది. మన దగ్గర మే నెలలో గాలి వేడే 43, 44 ఉంటుంది, రోడ్డు పైభాగం 60 దాటుతుంది. దానికి తోడు తారుది విచిత్రమైన గుణం. గబగబా పోయే బండికి గట్టిగా ఉంటుంది, నిలబడిన బండికి లొంగిపోతుంది. అందుకే గాడి ఎప్పుడూ చెక్‌పోస్టుల దగ్గర, సిగ్నళ్ల దగ్గర, ఎత్తు ఎక్కే చోట పడుతుంది. అలాంటి చోట్ల ఇంకా గట్టి రకమైన వీజీ-40 గానీ, పాలిమర్ కలిపిన తారు గానీ వాడాలి.

ఇక పొట్టు సంగతి. ఆ వీడియోలో ఒకదానితో ఒకటి సంబంధం లేని వాటిని కలగాపులగం చేశారు. బూడిద ఫిల్లర్ మాత్రమే, అది తారు గుణం పెద్దగా మార్చదు. పాలిమర్ తారు గుణాన్నే మారుస్తుంది. ఎస్‌బీఎస్ అనే రబ్బరు లాంటి పాలిమర్ మూడు నుంచి ఐదు శాతం కలిపితే తారులో వలలా అల్లుకుంటుంది. చక్రం పోయాక రోడ్డు మళ్లీ వెనక్కి లేస్తుంది. దాన్ని 180 డిగ్రీల దగ్గర ప్రత్యేకమైన మిల్లులో రుబ్బాలి, డ్రమ్ములో కర్రతో కలిపితే కలవదు. నిల్వ ఉంచితే విడిపోయి పైకి తేలుతుంది కూడా. అందుకే ట్యాంకులో పైన, కింద తారు మెత్తబడే వేడిలో మూడు డిగ్రీలకు మించి తేడా రాకూడదని పరీక్ష పెట్టారు.

చెత్త ప్లాస్టిక్ రోడ్డు మళ్లీ వేరే దారి. మధురైలో త్యాగరాజర్ ఇంజినీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ గారు కనిపెట్టింది. ఆయనకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన ప్లాస్టిక్‌ను తారులో కలపలేదు. 170 డిగ్రీల దాకా కాల్చిన కంకర మీద ప్లాస్టిక్ ముక్కలు చల్లితే అవి కరిగి రాయికి పొరలా పడతాయి, ఆ తర్వాత తారు పోస్తారు. రుబ్బే మిల్లు అక్కర్లేదు, మామూలు ప్లాంటు చాలు. మనకు ఇది ఇంకా ఎక్కువ పనికొస్తుంది. అనంతపురం చుట్టుపక్కల కంకరంతా గ్రానైట్ జాతి. గ్రానైట్‌కు తారు కంటే నీళ్లంటే ఇష్టం. వానాకాలం నీళ్లు దూరి తారును రాయి మీద నుంచి ఒలిచేస్తాయి. ప్లాస్టిక్ పొర ఉంటే ఆ పని అంత తేలిక కాదు.

పొట్టు గురించి సాయంత్రం లెక్క వేసి పెడతా, క్లాసుకు టైమైంది.

పొట్టు_మిల్లు · మంగళవారం, ఉదయం 8:02

అక్కా, ఒక్క పోస్టులో నాకు మూడేళ్ల చదువు చెప్పారు. లెక్క కోసం చూస్తుంటా.

రేగడి_రైతు (ఆదోని) · మంగళవారం, మధ్యాహ్నం 1:20

పైన ఏం కలిపితే ఏం లాభం? మా వైపు నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు, నాలుగు వానలు పడితే ఉబ్బు. మా ఊరి రోడ్డు వేసిన రెండో ఏడాదే రెండు పక్కలా పొడుగ్గా చీలింది. ప్యాచ్ వేశారు, ఆ ప్యాచ్ కూడా చీలింది. తారులో బంగారం కలిపినా కింద నేల కదులుతుంటే నిలుస్తుందా?

పత్తి కట్టె గురించి కూడా ఎవరైనా చెప్పండి. ఏటా చేలోనే కాల్చేస్తున్నాం.

తారు_డబ్బా · మంగళవారం, మధ్యాహ్నం 2:10

రైతన్న మాటకు దండం. నేను చూసిన చెడిపోయిన రోడ్లలో చాలావాటికి తారు తప్పు కాదు. సైడు కాలువ లేక నీళ్లు నిలబడటం, బెర్ములు, అంటే రోడ్డు పక్కన మట్టి అంచులు, రోడ్డు కంటే ఎత్తుగా ఉండటం, మిక్స్ చల్లారిపోయాక రోలర్ తిప్పడం. టిప్పర్ దారిలో పంక్చరై రెండు గంటలు ఆలస్యంగా వస్తే ఆ లోడు వెనక్కి పంపాలి. పంపేవాళ్లు ఎంతమంది?

ప్లాస్టిక్ రోడ్డు మీద నా సొంత అనుభవం ఒకటి ఉంది. చెబితే నాకే సిగ్గు. కొన్నేళ్ల కిందట ఒక పల్లె రోడ్డుకు ప్లాస్టిక్ కలపాలన్నారు. వచ్చిన సరుకు సగం తడి, సగం మట్టి. ముక్కలు బియ్యపు గింజంత ఉండాల్సింది, అరచేయంత ఉన్నాయి. కొలిచి వేసే ఏర్పాటు లేదు, కుర్రాడొకడు పారతో ఎత్తి పోశాడు. ఒక బ్యాచ్‌లో ఉండలు కట్టింది, ఇంకో బ్యాచ్‌లో అసలు పడనే లేదు. పైగా ఎవరో పైపు ముక్కలు కూడా కలిపారు. ఆ పొగకు కళ్లు మండి నీళ్లు కారాయి. సాయంత్రానికి ముగ్గురం దగ్గుతూ కూర్చున్నాం. మొదటి వానకే ఆ రోడ్డు కంకర లేచింది. చూసినవాళ్లు ప్లాస్టిక్ రోడ్డు పనికిరాదన్నారు. అది ప్లాస్టిక్ తప్పా, మా తప్పా?

పొడిచెత్త_షెడ్డు (కడప) · మంగళవారం, సాయంత్రం 4:45

ఆ పైపు ముక్కల సంగతి విన్నాక ఇది అడక్క తప్పదు. నేను పొడి చెత్త వేరుచేసే షెడ్డులో పనిచేస్తా. మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ గుట్టపడేది ఫ్లెక్సీలు. పుట్టినరోజు ఫ్లెక్సీ, పెళ్లి ఫ్లెక్సీ, నాయకుడొస్తే ఊరంతా ఫ్లెక్సీ. వాటిని ముక్కలు చేసి రోడ్డుకు పంపొచ్చా?

నైట్_లారీ · మంగళవారం, సాయంత్రం 4:58

భలే ఆలోచన. ఎన్నికల ఫ్లెక్సీలతో రోడ్డు వేస్తే హామీ ఇచ్చినాయన మీదనే బండి నడపొచ్చు 😄

మార్షల్_అక్క · మంగళవారం, రాత్రి 8:50

ఫ్లెక్సీ వద్దే వద్దు. అది పీవీసీ పూత వేసిన గుడ్డ. తారన్న కళ్లు మండించిన పైపు ముక్కలూ బహుశా పీవీసీనే. వేడికి హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి వస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2013లో ప్లాస్టిక్ రోడ్లకు ఎస్పీ 98 అని ఒక మార్గదర్శిని ఇచ్చింది, అందులో పీవీసీ వాడకూడదని స్పష్టంగా ఉంది. ముక్కలు 2.36 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగాలి, 600 మైక్రాన్ల జల్లెడ మీద నిలవాలి. తారు బరువులో ఆరు నుంచి ఎనిమిది శాతం. తడి ఉండకూడదు, మట్టి ఉండకూడదు. పాల కవరు లాంటి పాలిథీన్ 110 నుంచి 135 డిగ్రీల మధ్య కరిగిపోతుంది కాబట్టి అది సరిపోతుంది. నీళ్ల బాటిల్ 250 దాటితే గానీ కరగదు, కాబట్టి కంకరకు పొరలా పట్టదు.

ఇప్పుడు పొట్టు తమ్ముడి లెక్క. మూడుముప్పావు మీటర్ల వెడల్పు పల్లె రోడ్డు, ఒక కిలోమీటరు, 30 మిల్లీమీటర్ల మందం తీసుకుందాం. గుణిస్తే 112.5 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 2.35 టన్నుల చొప్పున మిక్స్ సుమారు 264 టన్నులు. తారు 5.4 శాతం అనుకుంటే 14 టన్నుల పైచిలుకు. దానికి ఎనిమిది శాతం ప్లాస్టిక్ అంటే టన్ను చిల్లర. కిలోమీటరుకు టన్ను ప్లాస్టిక్ అని పేపర్లలో రాసేది ఇదే లెక్క.

ఫిల్లర్‌గా మిక్స్ బరువులో రెండు శాతం బూడిద పోద్దామనుకుందాం. 5.3 టన్నుల బూడిద కావాలి. శెనక్కాయ పొట్టు పూర్తిగా కాలిస్తే నూటికి రెండు నుంచి ఐదు కిలోల బూడిదే మిగులుతుంది. నాలుగు కిలోలనే వేసుకున్నా 130 టన్నులకు పైగా పొట్టు కాల్చాలి. ఒక్క కిలోమీటరుకు! అదే వరి ఊక అయితే నూటికి ఇరవై కిలోల దాకా బూడిద వస్తుంది, అందులో అధిక భాగం సిలికా. 26, 27 టన్నుల ఊకతో పని అయిపోతుంది.

తమ్ముడూ, నిరుత్సాహపరచాలని కాదు. 130 టన్నులు కాల్చిన పొగ పక్కింటావిడ దాకా వెళ్తే పంచాయితీ కాదు, కేసే.

పొట్టు_మిల్లు · మంగళవారం, రాత్రి 9:33

😂 కేసు దాకా వద్దక్కా. కానీ నమ్మబుద్ధి కావట్లేదు. అంత గుట్టకు అంతే బూడిదా? రేపు నేనే తూకం వేసి కాలుస్తా.

అరటితోట_పుట్లూరు · బుధవారం, ఉదయం 6:30

కాల్చకుండా వాడే దారి లేదా? మా వైపు అరటి బాగా పెరిగింది, గెలలు గల్ఫ్ దాకా పోతున్నాయి. గెల కొట్టాక బోదె నరికి పడేయాల్సిందే. ఆ బోదెలో నార ఉంటుంది కదా, రోడ్డులో నార వేస్తారని ఎక్కడో చదివా.

మార్షల్_అక్క · బుధవారం, ఉదయం 7:05

మంచి ప్రశ్న. స్టోన్ మ్యాట్రిక్స్ ఆస్ఫాల్ట్ అని ఒక రకం ఉంది. బరువైన లారీలు తిరిగే రోడ్లకు వేస్తారు. పెద్ద కంకర రాయికి రాయి ఆనుకుని నిలబడుతుంది, మధ్యలో తారు ఎక్కువ పడుతుంది, ఆరు శాతం దాకా. అంత తారు దారిలో టిప్పర్ అడుగుకు కారిపోకుండా పట్టుకోవడానికి సెల్యులోజ్ నార కలుపుతారు, మిక్స్ బరువులో 0.3 శాతం. మన దేశంలో కొబ్బరి పీచు, కలబంద నార, అరటి నారలతో ల్యాబ్ ప్రయోగాలు చాలా జరిగాయి. నార పని తారును పట్టుకోవడం, ఆ పని ఇవి చేస్తాయి.

అయితే అరటి నార నీళ్లు తాగుతుంది. తడి నార వేడి కంకరలో పడితే ఆవిరి లేచి, తారు రాయికి అంటదు. బాగా ఆరబెట్టాలి, క్షారంలో కడగాలి, ఒకే పొడవుకు కత్తిరించాలి. పైగా 264 టన్నులకు 0.3 శాతం అంటే 800 కిలోలు కూడా కాదు. మీ ఒక్క మండలం బోదెలు వాడితే చాలా జిల్లాల రోడ్లకు సరిపోతుంది. చీరలకు, బుట్టలకు నార అమ్మితేనే ఎక్కువ డబ్బులొస్తాయేమో చూసుకోండి.

తారు_డబ్బా · బుధవారం, ఉదయం 9:12

అక్క ఎవరికీ ఆశ మిగల్చడం లేదు.

మార్షల్_అక్క · బుధవారం, మధ్యాహ్నం 12:40

అన్నా, ఆశ ఉన్న చోట చెబుతా. లిగ్నిన్. కట్టెలో, పొట్టులో, గడ్డిలో పోగుల్ని జిగురులా పట్టి ఉంచేది అదే. శెనక్కాయ పొట్టులో దాదాపు మూడో వంతు లిగ్నినే. నిర్మాణంలో తారుకు దగ్గరి చుట్టం లాంటిది కాబట్టి కొంత తారు తీసేసి దాని బదులు కలపొచ్చు. ఎండకు తారు గట్టిపడి పెళుసైపోవడాన్ని కూడా కొంత ఆపుతుంది. మన ఎండలకు అది చిన్న విషయం కాదు.

గుత్తి మీదుగా, అనంతపురం మీదుగా పోయే మన 44వ నంబరు హైవే ఉంది కదా. అదే హైవే మీద నాగపూర్ దగ్గర మన్సర్‌లో 2024 డిసెంబరులో లిగ్నిన్ కలిపిన బయో బిటుమెన్ ముక్క ఒకటి ప్రారంభించారు. ఢిల్లీలోని కేంద్ర రహదారి పరిశోధన సంస్థ కూడా అందులో ఉంది. ఇంకో దారి, వరిగడ్డి లాంటి వాటిని గాలి తగలకుండా 500 డిగ్రీల దగ్గర వేడిచేసి నూనె తీసి తారులో కలపడం. మన దేశం వాడే తారులో దాదాపు సగం బయట నుంచి కొంటున్నాం కాబట్టి పైవాళ్లకు దీని మీద ఆసక్తి ఉంది. పత్తి కట్టె అడిగిన ఆదోని అన్నకు కూడా ఇదే జవాబు. కట్టె జాతి దేనిలోనైనా లిగ్నిన్ ఉంటుంది.

కానీ లిగ్నిన్ తీయడం మిల్లు వెనక డ్రమ్ములో అయ్యే పని కాదు, ఫ్యాక్టరీ కావాలి. అది వచ్చిన రోజు పొట్టు గుట్టల దగ్గరికి వాళ్లే లారీ పంపిస్తారు.

నాపరాయి (బేతంచెర్ల) · బుధవారం, సాయంత్రం 5:20

వ్యవసాయం కాదు గానీ మధ్యలో నేనూ దూరుతున్నా. మా పాలిష్ యూనిట్ల దగ్గర నాపరాయి స్లర్రీ, అంటే పాలిష్ చేసేటప్పుడు నీళ్లతో కారే రాతి పొడి, ఎండిపోయి తెల్లగా కుప్పలు పడుంది. పిండి కంటే మెత్తన. ఫిల్లర్ అంటున్నారు కదా, ఇది వాడుకోకూడదా? కాల్చే పని కూడా లేదు.

తారు_డబ్బా · బుధవారం, సాయంత్రం 6:00

ఇదిగో అసలు సరుకు! సున్నపురాయి జాతి రాయికి తారు బాగా పడుతుంది. గ్రానైట్ కంకరలో సున్నపురాయి పొడి వేస్తే మాకు ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. మీరు చేయాల్సిందల్లా దాన్ని పూర్తిగా ఎండబెట్టి, గడ్డలు నలగ్గొట్టడం. బంకమట్టి కలిసిందంటే మాత్రం వద్దు.

మార్షల్_అక్క · బుధవారం, రాత్రి 8:15

అన్న మాట సరైనదే. 75 మైక్రాన్ల జల్లెడలోంచి 85 శాతమైనా దిగాలి, మట్టి జిగటను కొలిచే ప్లాస్టిసిటీ ఇండెక్స్ నాలుగు దాటకూడదు. బంకమట్టి కలిస్తే అది దాటుతుంది.

పొట్టు_మిల్లు · బుధవారం, రాత్రి 9:50

కాల్చా. పది కిలోలు తూకం వేసి, రేకు డ్రమ్ములో సాయంత్రం నాలుగుకు అంటిస్తే ఏడున్నరకు చల్లారింది. మిగిలింది 600 గ్రాముల చిల్లర. అక్క నాలుగు వందలు అన్నారు కాబట్టి నేనే గెలిచా.

మార్షల్_అక్క · బుధవారం, రాత్రి 10:04

రంగేంటి?

పొట్టు_మిల్లు · బుధవారం, రాత్రి 10:06

నల్లగా ఉంది. కొంచెం బూడిదరంగు.

మార్షల్_అక్క · బుధవారం, రాత్రి 10:11

నల్లగా ఉందంటే బొగ్గు మిగిలిందని. ల్యాబ్ కొలిమిలో ఇంకోసారి కాలిస్తే నాలుగు వందలకు దిగుతుంది. నువ్వు గెలవలేదు తమ్ముడూ. ఆ బొగ్గు స్పాంజి లాంటిది, తారును తాగేస్తుంది. మిక్స్‌కు తారు ఎక్కువ పోయాల్సి వస్తుంది, ఉన్న లాభం అక్కడే పోతుంది. ఊక బూడిదతో మా పిల్లలు బిళ్లలు చేసినప్పుడు ఇదే జరిగింది. కొంచెం వేస్తే బలం పెరిగింది. ఇంకొంచెం వేస్తే మిక్స్ పొడిపొడిగా అయి బిళ్ల అంచులు చేతికే రాలాయి.

మార్షల్ పరీక్షలో బలం పెరిగితే వీడియోవాళ్లు వెంటనే రోడ్డు ఆయుష్షు రెండింతలు అనేస్తారు. ఆ పరీక్ష ఆయుష్షు చెప్పదు. నీళ్లలో నానబెట్టాక బలం 80 శాతమైనా మిగిలిందా, చక్రం తిప్పితే గాడి ఎంత పడింది, చలికి చీలిందా, ఇవన్నీ చూడాలి. అవి చూడని వీడియో నమ్మొద్దు.

పొడిచెత్త_షెడ్డు · గురువారం, ఉదయం 10:30

నాకొకటి అర్థమైంది, తప్పైతే చెప్పండి. పాల కవర్లు రోడ్డుకు మంచివన్నారు. అవి మా షెడ్డులో ఒక్క రోజు నిలవవు, పాత సామాన్లవాళ్లు డబ్బులిచ్చి తీసుకుపోతారు. మిగిలిపోయేది మట్టి పట్టిన పల్చటి కవర్లు, రేపర్లు. రోడ్డుకు ఇవ్వాల్సింది వాటిని కడిగి ఇవ్వాలి. మంచి ప్లాస్టిక్‌ను రోడ్డులో పూడ్చేస్తే మళ్లీ కవరుగా మారే సరుకును పోగొట్టుకున్నట్టే కదా. పొట్టు అన్నా, మీ పొట్టు ఇప్పుడు నిజంగా ఎవరూ కొనట్లేదా?

పొట్టు_మిల్లు · గురువారం, మధ్యాహ్నం 1:15

కొంటారమ్మా, నిజం చెప్పాలంటే. ఇటుక బట్టీవాళ్లు, బాయిలర్లవాళ్లు తీసుకుంటారు. కోళ్లఫారంవాళ్లు కింద పరచడానికి పట్టుకుపోతారు. రేటు గిట్టక, సీజన్‌లో అంతా ఒక్కసారే వచ్చి నా దగ్గర నిలిచిపోతుంది. వీడియో చూశాక రేటు పెరుగుతుందని ఆశపడ్డా.

అంటే ఇప్పటికే నా పొట్టు వాళ్ల బాయిలర్లో కాలుతోంది. ఆ బూడిద ఏం చేస్తున్నారు?

ఊకబస్తా (నంద్యాల) · గురువారం, మధ్యాహ్నం 2:40

రెండు రోజులుగా చదువుతున్నా, ఇప్పుడు నా వంతు వచ్చింది. మాది రైస్‌మిల్లు. కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కింద పండిన వడ్లే ఎక్కువ. ఊక మా బాయిలర్లోనే కాలుతుంది. బూడిదకు మాత్రం దిక్కులేదు. గుంతలో పోస్తాం, గాలికి లేస్తుంది, వానకు కాలువలోకి పోతుంది. మీ పక్కింటావిడ లాంటివాళ్లు మాకు వీధి మొత్తం ఉన్నారు. కావాలంటే ఊరికే తీసుకుపోండి. ట్రాక్టర్ మీరే తెచ్చుకోవాలి, లోడింగ్ కూలీ మాది కాదు.

రేగడి_రైతు · గురువారం, సాయంత్రం 3:30

రోడ్డు పైన పోయడానికి ఎందుకు? ఊక బూడిద, సున్నం కలిపి నల్లరేగడిలో వేస్తే నేల ఉబ్బు తగ్గుతుందని మా అన్న కొడుకు సివిల్ చదివేటప్పుడు ప్రాజెక్టు చేశాడు. అది నిజమేనా అక్కా?

మార్షల్_అక్క · గురువారం, సాయంత్రం 6:45

నిజమే, నన్ను అడిగితే మన జిల్లాల్లో బూడిదకు సరైన చోటు అదే. ఊక బూడిదలో సిలికా ఉంది గానీ దానంతట అది గట్టిపడదు. సున్నం, నీళ్లు తోడైతే నెమ్మదిగా సిమెంటులా కట్టుకుంటుంది. సున్నం ముందుగా రేగడి జిగటను విరగ్గొడుతుంది, తర్వాత బూడిదతో కలిసి బిగుస్తుంది. అక్కడ బూడిద ఎక్కువ శాతమే పడుతుంది, అదీ అడుగు మందం మట్టిలో. రోడ్డు పైపొరలో రెండు శాతం ఎక్కడ, ఇది ఎక్కడ! నల్లగా ఉండి కొంచెం బొగ్గు మిగిలినా, తారులో ఇబ్బంది పెట్టినంత ఇక్కడ పెట్టదు. మరీ ఎక్కువుంటే మాత్రం బలం తగ్గుతుంది.

జాగ్రత్త ఒకటే. మరీ ఎక్కువ వేడిలో కాలిన బూడిదలో సిలికా స్ఫటికంగా మారుతుంది. అది సున్నంతో సరిగ్గా కలవదు, పైగా ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. తడిపి ఎత్తాలి, మాస్కు లేకుండా ఎవరినీ దింపొద్దు.

తారు_డబ్బా · గురువారం, రాత్రి 7:30

అన్నీ బాగున్నాయి. ఎస్టిమేట్‌లో ఎవరు పెడతారు? రేట్ల పుస్తకంలో లేని ఐటమ్ రాస్తే బిల్లు ఆగిపోతుందని ఏ ఇంజినీరైనా భయపడతాడు. ప్లాస్టిక్‌కు అక్క చెప్పిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) పుస్తకం ఉంది, ఐదు లక్షల జనాభా దాటిన ఊళ్ల చుట్టూ 50 కిలోమీటర్ల లోపు పైపొరకు వాడాలని 2015లో కేంద్రం కూడా చెప్పింది. బూడిదకు అడిగితే ముందు ల్యాబ్ కాగితం చూపించమంటారు.

రేగడి_రైతు · గురువారం, రాత్రి 8:10

మా చేలోకి పోయే బండిదారి ఉంది, రెండు వందల గజాలు. పంచాయతీదీ కాదు, ఆర్ అండ్ బీదీ కాదు, మా నలుగురు రైతులది. బిల్లు గొడవ లేదు. దాని మీద వేసి చూద్దామా? వానాకాలం ట్రాక్టర్ దిగబడకుంటే అదే మాకు ల్యాబ్ కాగితం.

మార్షల్_అక్క · గురువారం, రాత్రి 8:25

చేద్దాం అన్నా. కానీ ముందు మట్టి పరీక్ష. దారిలో మూడు చోట్ల అడుగున్నర లోతు తవ్వి, ఒక్కో చోట నుంచి పది కిలోలు విడివిడి సంచుల్లో. నంద్యాల అన్న బూడిద ఒక సంచి, కొత్తగా తీసింది, వాన తగలనిది. ఎంత సున్నం, ఎంత బూడిద అనేది మట్టి చెబుతుంది, నేను కాదు. సగం దారి మామూలుగా వదిలేయాలి, లేకుంటే తేడా ఎలా తెలుస్తుంది?

పొట్టు_మిల్లు · గురువారం, రాత్రి 9:05

నా పొట్టు కాలే బాయిలర్ బూడిద కూడా ఒక సంచి పంపనా? పనికిరాదంటే పారేయండి. ఆదివారం ఆదోని సంతకు వస్తున్నా, మట్టి సంచులు కూడా నేనే బండిలో వేసుకుని కర్నూలుకు తెస్తా.

మార్షల్_అక్క · గురువారం, రాత్రి 9:12

తీసుకురా. సంచి మీద ఊరు, తేదీ, ఏం కాల్చారు అనేది పెద్దక్షరాలతో రాయి. పోయిన ఏడాది పేరు లేని సంచి ఒకటి వస్తే మా అటెండర్ ముగ్గనుకుని సంక్రాంతికి ఇంటికి పట్టుకెళ్లాడు.